కాలువ చివరి మడి

రండర్రా, ఇలా అరుగు మీదికి వచ్చెయ్యండి. బుజ్జీ, ఆ గచ్చు మీద వట్టికాళ్లతో నుంచోకమ్మా, పీట వేసుకో. ఆగాగు, వేసుకునే ముందు ఒక చిన్న పని చెయ్యి. ఒక కాలు గచ్చు మీదా, ఒక కాలు పీట మీదా పెట్టి చెప్పు, ఏది చల్లగా ఉంది? గచ్చే కదూ! ఎవరైనా అదే అంటారు. కానీ ఆ పీటా, ఈ గచ్చూ పొద్దుటినుంచీ ఒక్క చోటే ఉన్నాయి. థర్మామీటరు ఆనించి చూస్తే రెండూ ఒకటే చలి. మరి కాలికి తేడా ఎందుకు తెలిసింది? గచ్చు నీ కాలిలో వేడిని గబగబా లాగేసుకుంటోంది. చెక్క నిదానంగా తీసుకుంటోంది. చల్లదనం అనేది నేలలోంచి కాలిలోకి ఎక్కే వస్తువు కాదర్రా. మన వేడి మనల్ని వదిలి పోతూ ఉంటే, ఆ పోవడమే మనకి చల్లగా తెలుస్తుంది. ఈ ఒక్క ముక్కా పట్టుకోండి, ఇవాళ్టి కబురంతా దీని చుట్టూనే.

ఇదిగో, అమ్మమ్మ వేడి పాలు తెచ్చింది. ఇప్పుడే తాగెయ్యకండి. వాసూ, రెండు గ్లాసుల మీదా మూతలు పెట్టు. ఒకదానికి ఈ పొడి తువ్వాలు చుట్టు. రెండోదానికి అలాంటి తువ్వాలే, కానీ కుండలో ముంచి పిండి చుట్టు. రెండూ ఆ గోడవార పెట్టేసి రా. కబుర్లయ్యాక విప్పి చూద్దాం.

పొద్దున చిన్ని నన్నో ప్రశ్న అడిగింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ అని ఒక అమ్మాయి, గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది కదా. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు, ఒక్క నెల తక్కువ. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆ రోజే ఎక్కాడు. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకున్న పిల్లలు! "తాతయ్యా, మన సంక్రాంతి చలికే నా వేళ్లు కొంకర్లు పోతున్నాయే, వాళ్ల కాళ్లు అక్కడ గడ్డకట్టలేదా?" అని అడిగింది చిన్ని. ఎంత మంచి ప్రశ్నో! కొండలెక్కేవాళ్లు తెల్లవార్లూ ఆలోచించేది ఆ సంగతే. ఊపిరి గురించి ఎంత బెంగో, కాలివేళ్ల గురించీ అంతే బెంగ.

మీకు మన కాలువ తెలుసు కదా. నేను పుట్టిన ఊరు ఆ కాలువకి కొట్టకొన. దాళ్వాకి నీళ్లు చాలని ఏడు ఏం జరిగేదో చెబుతాను. పైనుంచి నీళ్లు తక్కువొచ్చాయనుకో, లస్కరు వచ్చి పిల్లకాలువల తూములు దించేసేవాడు. పెద్దకాలువ ఎండకూడదు కదా, తాగునీళ్ల చెరువులు నిండాలి కదా. దాంతో మొట్టమొదట నెర్రెలిచ్చేది మా చివరి మళ్లు. లస్కరు చెడ్డవాడేం కాదు. ఊరంతా బతకాలంటే ఎక్కడో ఒకచోట కట్టెయ్యాలి.

మన ఒంట్లోనూ ఇలాంటి లస్కరు ఒకాయన ఉన్నాడు. గుండె, మెదడు, కాలేయం, ఇవన్నీ ముప్పై ఏడు డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండాలి. అక్కడ కొంచెం తగ్గినా ప్రాణం మీదికొస్తుంది. వేడిని ఒళ్లంతా తిప్పేది రక్తమే. బయట చలి ముదిరిందా, చేతులకీ కాళ్లకీ వెళ్లే సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. తూములు దించినట్టే. వేడి వృథాగా బయటికి పోకుండా నడుమభాగంలో నిలవ ఉంటుంది. కానీ కాలువకి కొట్టకొన ఎవరు? కాలిబొటనవేలు! గుండెకి అంతకంటే దూరం ఒంట్లో ఇంకేదీ లేదు. పైగా వేళ్లు సన్నవి, నాలుగువైపులా చలి తగులుతుంది, సొంతంగా వేడి పుట్టించే కండ కూడా వాటిలో దాదాపు లేదు. ఇంకోటి, పాదమొక్కటే పొద్దస్తమానం మంచుకి ఆని ఉండేది.

అయినా ఆ లస్కరుకి దయ ఉంది. చలిలో చెయ్యి ఉంచేస్తే, కాసేపటికి ముడుచుకున్న నాళాలు తెరుచుకుని గుప్పున వెచ్చటి రక్తం వస్తుంది. మళ్లీ మూసుకుంటాయి, మళ్లీ తెరుచుకుంటాయి. మాకు వంతులవారీగా నీళ్లు వదిలేవారు చూడండి, అచ్చం అలాగే. మడి పచ్చగా లేకపోయినా ఎండిపోకుండా ఉండటానికి. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మా ఊరి కాలువ నా వేలి లోపలే ఉందన్నమాట! ఒళ్లంతా మరీ చల్లబడిపోతే మాత్రం ఈ వంతు కూడా సన్నగిల్లిపోతుంది.

అందుకే కొండలెక్కేవాళ్లలో ఒక మాట ఉంది, కాళ్లు చల్లబడితే నెత్తిన టోపీ పెట్టుకో అని. వినడానికి వింతగా ఉంటుంది కానీ కాలువ తెలిసినవాళ్లకి వింతేమీ లేదు. పైన ఆనకట్ట దగ్గర నీళ్లు నిండుగా ఉంటేనే కదా కిందికి వదులుతారు! తల, మెడ, ఛాతీ కప్పుకుని, కడుపునిండా తిని, తాగుతూ ఉంటే లస్కరు ధైర్యంగా తూము ఎత్తుతాడు. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. దాహం తెలీదు. ఎవరెస్టు కొన మీద గాలి మనకున్నదాంట్లో మూడోవంతే. ఆ పలచటి గాలిలో ఒళ్లు వేడి పుట్టించడమే కష్టం. సిలిండరు ఆక్సిజన్ పీల్చుకుంటే ఊపిరితోపాటు కాళ్లూ వెచ్చబడతాయంటారు ఎక్కినవాళ్లు. పొయ్యిలో ఊదినట్టే కదా మరి.

సరే, బూట్ల సంగతి. బూటు కాలికి వేడినివ్వదు. ఇది మర్చిపోకండి. దుప్పటి మనకి వేడినిస్తుందా? దానిలో నిప్పులేమీ లేవే! మన వేడిని మన దగ్గరే పట్టి ఉంచుతుంది, అంతే. పట్టి ఉంచేది కూడా నిజానికి ఉన్నీ దూదీ కాదు, వాటి పోగుల మధ్య చిక్కుకున్న గాలి. కదలకుండా నిలిచిన గాలిలోంచి వేడి పోవడం చాలా కష్టం. అదే నీళ్లలోంచయితే ఇరవై అయిదు రెట్లు జోరుగా పోతుంది.

బుజ్జీ, లోపలికెళ్లి నా పాత దిండు పట్రా. ఈ మూల కుట్టు విప్పుతున్నాను, అమ్మమ్మకి చెప్పకండి. ఇదిగో, చిటికెడు దూది తీసి అరచేతిలో పెట్టుకో. బరువుందా? లేదు కదూ. ఇది బూరుగు దూది. పట్టులా జారిపోతోంది చూడు. దీని ఒక్కో పోగూ లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలునిండా గాలే. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంచు, అరచెయ్యి వెచ్చబడటం తెలుస్తుంది. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. 1953లో ఎవరెస్టు మొదటిసారి ఎక్కిన జట్టు కోసం ఇంగ్లండులో పాదరక్షల పరిశోధన చేసేవాళ్లు ప్రత్యేకంగా బూట్లు తయారుచేశారు. పైన పలచటి తోలు, లోపల తడి చొరకుండా ఒక పొర, ఆ రెంటి మధ్య దాదాపు అంగుళం మందాన తెల్లబూరుగు దూది! మన దిండ్లలో, పరుపుల్లో ఉండే చుట్టమే. లోకంలోకెల్లా ఎత్తైన చోటికి మన బూరుగు ఇలా వెళ్లొచ్చింది. దిండు మీద తల పెట్టుకున్నప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

ఆ బూట్లతోనూ ఒక చిక్కొచ్చింది. మే 28 రాత్రి, ఎనిమిదివేల అయిదువందల మీటర్ల ఎత్తున, చిన్న గుడారంలో ఆ జట్టులోని హిల్లరీ, టెన్జింగ్ పడుకున్నారు. హిల్లరీ బూట్లు విప్పి పక్కన పెట్టాడు. టెన్జింగ్ విప్పలేదు. తెల్లవారేసరికి గుడారంలో మైనస్ 27 డిగ్రీలు. హిల్లరీ బూట్లు చెక్కముక్కల్లా బిగుసుకుపోయాయి. పగలు పట్టిన చెమటే రాత్రి మంచయింది. ప్రైమస్ స్టవ్వు మంట మీద వాటిని అటూ ఇటూ తిప్పుతూ, తోలు కమురుకంపు కొడుతుంటే, దగ్గర దగ్గర రెండు గంటలు కూచున్నాడాయన. ఎవరెస్టు ఎక్కబోయే రోజు పొద్దున్న! టెన్జింగ్ కాళ్లకి స్విస్ బూట్లు, వాటిలో భార్య ఆంగ్ లామూ అల్లిచ్చిన మేజోళ్లు. ఆ మేజోళ్ల సంగతి టెన్జింగ్ తన జీవితకథలో తలుచుకుని మరీ చెప్పాడు. ఇప్పుడైతే బూటు లోపలిది విడిగా ఊడొస్తుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో తమతోపాటే పడుకోబెట్టుకుంటారు. తడిసిన మేజోళ్లని పొట్ట దగ్గర పెట్టుకుని ఆరబెట్టుకుంటారు.

చెమట అంటే మంచులో చెమటేమిటి అనకండి. మన రెండు పాదాల్లో కలిపి రెండున్నర లక్షల చెమట గ్రంథులుంటాయి. కొండెక్కుతుంటే అవి పనిచేస్తూనే ఉంటాయి. ఆ తడి దూదిలోకి దిగిందా, గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. ఇందాక చెప్పానే, ఇరవై అయిదు రెట్లు! అందుకే కొందరు పలచటి మేజోడు మీద ప్లాస్టిక్ సంచీలాంటిది తొడిగి, దానిమీద మందపాటి మేజోడు వేసుకుంటారు. పాదం కాస్త చిత్తడిగా ఉన్నా పైన దూదీ ఉన్నీ పొడిగా ఉంటాయి. సాయంత్రం విప్పి పాదం తుడుచుకోవాలి, తప్పదు. లేకపోతే చర్మం నానిపోతుంది.

నూలు మేజోళ్లు అక్కడ పనికిరావు. తడిస్తే అంటుకుపోతాయి. ఉన్ని వేరు. వంద గ్రాముల ఉన్ని ముప్పై గ్రాముల దాకా తేమ తాగి కూడా తడిసినట్టు తెలియనివ్వదు. తెలంగాణలో కురుమలు వానలో గొంగడి కప్పుకుని గొర్రెల వెంట తిరుగుతారు చూశారూ, ఎన్ని వందల ఏళ్లుగానో వాళ్లకి తెలిసిన సంగతే ఇది. నల్లగొర్రె ఉన్ని నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచిన గొంగడి వాళ్లకి గొడుగు, దుప్పటి, పరుపు అన్నీనూ.

బూరుగూ ఉన్నీ దొరకనిచోట ఏం చేసేవాళ్లంటారా? గడ్డి! నార్వే, స్వీడన్, ఫిన్లాండుల ఉత్తరపు కొసన సామీలని జనం ఉన్నారు. ధ్రువపు దుప్పితోలు బూట్లలో, మేజోళ్లు లేకుండా, ఎండిన ఒకరకం తుంగగడ్డిని మెత్తగా చేసి కుక్కి అందులో పాదం పెట్టేవారు. రాత్రి తీసి ఆరబెట్టుకుని పొద్దున మళ్లీ కుక్కుకోవడమే. దక్షిణధ్రువానికి వెళ్లిన తొలినాటివాళ్లూ ఈ గడ్డినే నమ్ముకున్నారు. అంతకంటే పాతది ఉంది వినండి. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొండల్లో మంచులో ఒక మనిషి శవం బయటపడింది. అయిదువేల ఏళ్లు దాటినవాడు. ఆయనకి ఊట్జి అని పేరు పెట్టుకున్నారు. ఆయన చెప్పులు చూడాలి! అడుగున ఎలుగుబంటి తోలు, పైన జింకతోలు, లోపల నారతాడుతో అల్లిన చిన్న వల, ఆ వలకీ తోలుకీ మధ్య గడ్డి. గడ్డి జారిపోకుండా వల అన్నమాట. ఎవరి బుర్రలో తట్టిందో కానీ, ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మామిడికాయలు మాగెయ్యడానికి మనం వరిగడ్డిలో కప్పెడతామే, చెయ్యి పెడితే లోపల ఎంత వెచ్చగా ఉంటుంది!

పాదం అడుగు సంగతి ఇంకా ఉంది. సాంబారులో స్టీలు గరిటె వదిలేసి పట్టుకుంటే చుర్రుమంటుంది, చెక్క తెడ్డు ఏమీ అనదు. వేడి లోపలికి రావడం ఎంత తేలికో బయటికి పోవడమూ అంతే. 1924లో ఎవరెస్టుకి వెళ్లినవాళ్ల బూట్ల అడుగున జారకుండా ఇనుప మేకులు కొట్టేవారు. ప్రతి మేకూ పాదంలోని వేడిని మంచులోకి దింపే గరిటె! ఆ జట్టులో బూట్లు కుట్టి బాగుచేసే మన్‌బహదూర్ అని ఒకాయన ఉండేవాడు. అందరి కాళ్లనీ కాచే పని ఆయనది. ఆయన రెండు పాదాలే చీలమండల దాకా గడ్డకట్టిపోయాయి, కొద్దిరోజుల్లో నిమోనియాతో పోయాడు. ఆ జట్టులోని మాలరీ, ఇర్విన్ పేర్లు లోకమంతా చెప్పుకుంటుంది. మనం మన్‌బహదూర్ పేరు కూడా చెప్పుకుందాం.

మంచు మీద జారకుండా ఇప్పుడు బూటుకి క్రాంపాన్లని ఇనుప పళ్లు కట్టుకుంటారు. అదీ ఇనుమే, కాబట్టి అడుగుపొర మందంగా ఉండాలి. ఎక్కడైనా ఆగితే వట్టి మంచు మీద నుంచోరు, వీపుసంచీ మీదో చుట్టిన తాడు మీదో కాళ్లు పెట్టుకుంటారు. బుజ్జి పీటలాగే. వేళ్లు మొద్దుబారుతుంటే కాలిని ముందుకీ వెనక్కీ జోరుగా ఊపుతారు. నీళ్ల చెంబు గిరగిరా తిప్పితే నీళ్లు అడుక్కి అంటుకుంటాయి చూడండి, ఆ ఊపుకి రక్తం కొసకి తోసుకొస్తుంది.

బిగుతు మాత్రం పనికిరాదు. ఇది నేను స్వయంగా అనుభవించాను. చాలా ఏళ్ల క్రితం అక్టోబరు చివర బదరీనాథ్ వెళ్లాం, నేనూ అమ్మమ్మా. చలికి భయపడి మూడు జతల మేజోళ్లు ఒకదానిమీద ఒకటి తొడిగి బూట్లో కాలు బలవంతంగా దూర్చాను. గంటలో వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. నేను ఇంకో జత కొనబోతుంటే, టీకొట్టు పెద్దాయన నా కాలు చూసి, రెండు జతలు తీసెయ్యమని సైగ చేశాడు. తీశాను. వేడి టీ తాగి, బూటులో వేళ్లు కదుపుతూ నడిచాను. పది నిమిషాల్లో సూదులు గుచ్చినట్టు నొప్పెట్టి వేళ్లు తిరిగొచ్చాయి. బిగించినకొద్దీ తూము మూసుకుపోతుంది, నలిగిన ఉన్నిలో గాలీ ఉండదు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు, కానీ ఆ పెద్దాయన చేసిన సైగ ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

నొప్పెడుతున్నంతసేపూ భయంలేదర్రా. చల్లగా అనిపించి, నొప్పెట్టి, తర్వాత హఠాత్తుగా హాయిగా ఏమీ తెలియకుండా పోతుందే, అప్పుడు భయపడాలి. మన ఒంట్లో నీళ్లు ఉప్పునీళ్లు కాబట్టి సున్నా కంటే అర డిగ్రీ కిందికి పోయాక గడ్డకట్టడం మొదలవుతుంది. కణాల మధ్య మంచుపలుకులు పుడతాయి. మాగాయకి ముక్కలు తరిగి ఉప్పు వేస్తే రాత్రికల్లా ఊట దిగి ముక్క ముడుచుకుపోతుంది కదా, అలాగే కణాల్లోంచి నీళ్లు బయటికి లాగేసుకుంటాయి. ఫ్రాస్ట్‌బైట్ అంటారు. మనం మంచుకాటు అనుకుందాం.

1950 జూన్ 3న ఎర్జోగ్, లషెనాల్ అని ఇద్దరు ఫ్రెంచివాళ్లు అన్నపూర్ణ ఎక్కారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన కొండ కొన మీద మనిషి అడుగు పడటం అదే మొదలు. ఎక్కుతూ ఉండగానే లషెనాల్‌కి కాళ్లు పోతున్నాయని తెలిసింది. వెనక్కి పోదామనుకున్నాడు, కానీ తోటివాణ్ణి ఒంటరిగా పంపలేక వెంట వెళ్లాడు. కాలివేళ్లన్నీ పోయాయి. ఎర్జోగ్‌కి కాలివేళ్లతోపాటు చేతివేళ్లూ చాలామటుకు పోయాయి. ఆ రాత్రి గుడారంలో స్నేహితులు రక్తం ఆడాలని వాళ్ల కాళ్లనీ చేతులనీ తాడుకొసలతో కొట్టారు, రుద్దారు. ప్రేమతోనే చేశారు పాపం. అప్పట్లో తెలిసింది అంతే. అంతకుముందు నెపోలియన్ సైన్యంలో లారే అనే గొప్ప వైద్యుడు, రష్యా మంచులో సైనికులు నిప్పు దగ్గర కాళ్లు కాచుకుని మరీ పోగొట్టుకోవడం చూసి, మంచుతోనే రుద్దమన్నాడు. వందేళ్లు దాటినా అదే నడిచింది. నిప్పు వద్దనడం సరైనదే, స్పర్శ లేని కాలు కాలిపోయినా తెలీదు. కానీ రుద్దితే లోపలి మంచుపలుకులు గాజుపెంకుల్లా కోస్తాయి. ఇప్పుడు చేసేది చాలా సాదా పని. ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది డిగ్రీల మధ్య గోరువెచ్చటి నీళ్లలో పాదం ఉంచడం. పసిపిల్లకి నీళ్లు పోసేముందు అమ్మమ్మ మోచెయ్యి పెట్టి చూస్తుందే, ఆ వేడి. ఇంకా నడిచి దిగాల్సి ఉంటే మాత్రం కరిగించకూడదు. కరిగి మళ్లీ గడ్డకడితే ఇంకా పెద్ద నష్టం.

వాసు అప్పుడే బాతుల గురించి అడుగుతున్నాడు. బాగా అడిగావురా! మంచుగడ్డ మీద వట్టికాళ్లతో నుంచుంటుంది కదా బాతు. దాని కాల్లోకి దిగే వెచ్చటి రక్తనాళం, పైకొచ్చే చల్లటి రక్తనాళం ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కిందికి దిగే అన్న, పైకొస్తున్న తమ్ముడు దారిలో ఎదురైతే తన దుప్పటి వాడికి కప్పేసి దిగుతాడన్నమాట. వేడి మంచుకి చేరకుండా సగందారిలోనే వెనక్కి తిరిగి ఒంట్లోకి వస్తుంది. పాదం చల్లగానే ఉంటుంది, కానీ గడ్డకట్టదు. ధ్రువపు దుప్పి కాలి మూలగలో కొవ్వుకి ఇంకో విద్య తెలుసు. చలికాలంలో మన కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వులనూనె కట్టదు, అవునా? ఆ దుప్పికి తొడ దగ్గర కొవ్వు కొబ్బరినూనె బాపతు, గిట్టల దగ్గర కొవ్వు నువ్వులనూనె బాపతు. ఒక్క కాలిలోనే పైనుంచి కిందికి నూనె మారుతూ వస్తుంది. ఎవరు కొలిచి పోశారో!

చాలా సేపయింది. వాసూ, గ్లాసులు పట్రా. ముందు తడి తువ్వాలుది విప్పు. మీగడ కట్టేసింది చూడు, గ్లాసు పట్టుకుంటే చల్లగానే ఉంది. ఇప్పుడు పొడిది. మూత తియ్యగానే ఇంకా ఆవిరి వస్తోందే! చిన్నీ, ఇది నువ్వు తాగమ్మా, అడిగింది నువ్వు కదా. కాళ్లు ఇలా గొంగళిలో పెట్టుకుని తాగు. బుజ్జీ, ఆ సూదీ దారం ఇటివ్వు, అమ్మమ్మ వచ్చేలోపు దిండు కుట్టేస్తాను.